పసుపు సగటు

పడవ దిగి సుభాషిణి ఇంటి మెట్లెక్కేటప్పటికి తటవర్తి కనకలింగం చేతిలో ఉన్నవి ఇవి: చాపలా చుట్టిన కొత్త గోడతెర, ఒక దారపు ఉండ, కుడి బొటనవేలి చర్మం కింద తెరలు కుదిర్చే హక్కుకి గుర్తైన కుదుర్పరి ముద్ర, మధ్యాహ్నం దాకా పొద్దు. ఇవి కాక ఆమెకి ముందే ఇచ్చేసిన మాట ఒకటి. "చెరువుల సంఘం వాళ్ళు నీకు పరీక్ష మొదలుపెట్టే వేళకి చెరువులో నీళ్ళు ఎలా ఉంటే తెరలో అలాగే కనిపిస్తాయి. తేడా వస్తే తెర వెనక్కి తీసుకుంటాను, తప్పు నేను ఒప్పుకుంటాను." సరుకు తిరిగొస్తే మళ్ళీ అమ్ముకోవచ్చు. మాట తిరిగొస్తే కొనేవాడుండడు. అందుకే ఇవాళ మిగతా ఇళ్ళన్నీ వాయిదా వేసి ఇక్కడికొచ్చాడు.

కొత్త ఆకివీడులో ఇళ్ళన్నీ స్తంభాల మీదే. నీరు ఊళ్ళోకొచ్చిన తరం దాటిపోయింది, నీటిమీద ఊరు నిలబెట్టుకున్న తరం నడుస్తోంది. రొయ్యల చెరువులు ఉప్పుమేరలో, మనిషి వెళ్ళిరావడానికి రోజంతా పట్టేంత దూరంలో ఉన్నాయి. వాటి గట్ల మీద కాపలాకి గట్టుకళ్ళు తప్ప ఎవరూ లేరు. గట్టుకళ్ళు పంపే బొమ్మను ఇంట్లో కూర్చుని చూసి, నీటి రంగు ఎటు తిరుగుతోందో చెప్పేవాళ్ళు చెరువుచూపరులు. ఉప్పునీ ప్రాణవాయువునీ కొలిచే యంత్రాలు చెరువుల్లో లేక కాదు. నీరు చెడ్డాక యంత్రం మోగుతుంది. చెడబోయే ముందే రంగు కదులుతుంది. ఆ రెంటికీ నడుమ ఒక పూట ఎడం ఉంటుంది. పంట నిలవడమైనా పోవడమైనా ఆ పూటలోనే.

సుభాషిణి ఆ పూటని పట్టుకోగల మనిషి. కానీ ఈమధ్య రెండుసార్లు తప్పు చెప్పింది. లేత పచ్చగా, ఆరోగ్యంగా ఉన్న నీటిని బురదబారిందని చెప్పి, సంఘం చేత అనవసరంగా నీరు మార్పించింది. మిగతా చూపరులు ఎవరూ అలా చెప్పలేదు. సంఘం పర్యవేక్షకుడు రామభద్రరాజు మర్యాదస్థుడు గనక కోప్పడలేదు. "ఈసారి ఎదురుగా చూద్దామమ్మా" అన్నాడంతే. ఈసారి తప్పితే ఆమె చెరువులు మరొకరికి పోతాయి. తప్పు తన కంటిదో పాత తెరదో తేల్చుకోలేక, పాతది ఊడదీసి కొత్తది తెప్పించింది.

"ఇదిగో శెట్టిగారూ, జాగా తుడిపించి ఉంచాను," అంది ఆమె అత్త నూకరత్నం, గుమ్మం పైన దేవుడి పటాల పక్కన చోటు చూపిస్తూ.

కనకలింగం తలెత్తి చూశాడు. "అమ్మగారూ, దేవుడికైతే ఓసారి తలెత్తి దణ్ణం పెట్టి దించేసుకుంటాం. ఇది పొద్దస్తమానం చూసేది. అంత ఎత్తున పెడితే మీ కోడలి మెడకి కూడా నేనే పూచీ పడాలి."

"అయితే కిటికీకి ఎదురు గోడ. కాలవగాలి బాగా వస్తుంది."

"తెరకి గాలెందుకండీ?"

"తెరకి కాదు, చూసేవాళ్ళకి."

"చూసేవాళ్ళకి గాలితోపాటు కాలవా, పడవలూ, మీ ఎదురింటాయన ఆరేసుకున్న లుంగీ కూడా తెరలో కనిపిస్తాయి. చెరువొక్కటే కనపడదు."

సుభాషిణి నవ్వింది. కోడలు నవ్వి ఎన్నాళ్ళయిందో, నూకరత్నం ఆ మొహంకేసి ఓ క్షణం చూసి, "సరే, మీ ఇష్టం. మీరు పాతికిళ్ళు తిరిగిన మనిషి," అని వాదన వదిలేసింది.

అతను కిటికీకి పక్కగా ఉన్న గోడ ఎంచుకున్నాడు. సుభాషిణిని రోజూ కూర్చునే కుర్చీలో, రోజూ కూర్చునే తీరులో కూర్చోమన్నాడు. ఆమె నిటారుగా కూర్చుంటే ఒప్పుకోలేదు. "ఫోటోకి కాదమ్మా. సాయంత్రానికి నడుం వాలిపోయాక ఎలా కూర్చుంటావో అలా." అలా వాలినప్పటి కంటి మట్టం నుంచి దారం లాగి, అది గోడని తాకిన చోటికి తెర నడిమిభాగం వచ్చేలా గుర్తు పెట్టాడు. తెర వెడల్పుకి ఒకటిన్నర రెట్ల దూరానికి కుర్చీ జరిపించాడు. దగ్గరైతే కన్ను అలుస్తుంది. దూరమైతే తెరలో ఉన్న వివరం కంటిదాకా రాదు. కొన్న వివరంలో కంటికి అందనిదంతా నష్టమేనని అతని లెక్క.

చుట్ట విప్పి, పై అంచు గోడకి ఆనించి వదిలాడు. ఎన్ని ఇళ్ళలో చూసినా ఈ ఘడియ అంటే అతనికి మోజు తీరలేదు. తెర తన బరువుతో తానే జారుతూ, గోడలో ఉన్న ఎగుడుదిగుడులు సర్దుకుంటూ, సున్నం మీద నీటిపొరలా పరుచుకుంది. చట్రం లేదు, మందం లేదు. చేత్తో తడిమితే గోడకీ దానికీ తేడా చల్లదనమొక్కటే. మనుషులు ఇంత చక్కటి వస్తువు చేయగలిగారు కదా అని అతనికి ప్రతిసారీ గర్వంగా ఉంటుంది, చేసింది తాను కాకపోయినా. అమ్మేవాడికి ఆపాటి వాటా ఉండాలి.

తెర మేలుకుని ఊరిసగటు తెచ్చుకుంది. ఊళ్ళో ప్రతి తెరకీ ఒక వెలుగుకన్ను ఉంటుంది. ఇంట్లో వెలుతురు ఎంతో, ఏ రంగుదో చూసి, బొమ్మను దానికి తగ్గట్టు దిద్దుకుంటుంది, దిద్దుకున్న తీరును సగటుకి పంపుతుంది. కొత్త తెర మొదట ఆ సగటు తెచ్చుకుని, ఆపైన తన ఇంటి వెలుతురు చూసుకుంటుంది. వేల ఇళ్ళ అనుభవం కొన్నవాడికి ఊరికే వచ్చేస్తుంది. ఇంతకంటే మంచి బేరం వ్యాపారంలో కనకలింగం చూడలేదు.

తర్వాత అసలు పని పట్టాడు. ముందు కొట్టువెలుగు ఆర్పేశాడు. దుకాణంలో పక్క తెరని వెనక్కి నెట్టడానికి పెట్టిన మెరుపు అది, ఇంట్లో కంటికి చేటు. అంచుకోత తీసేశాడు. బొమ్మ చుట్టూ తెర కత్తిరించి దాచుకున్న పట్టీ బయటికొచ్చి, చెరువుకి ఆవలి గట్టు కనిపించింది. చివరికి సాఫుచేత ఆపాడు. కదిలే బొమ్మల నడుమ లేని బొమ్మలు అల్లి నునుపు చేసే ఏర్పాటది. పాటలకీ ఆటలకీ అందంగానే ఉంటుంది గానీ, నీటిమీద చిన్న చిన్న అలల్ని ఇస్త్రీ చేసేస్తుంది.

"అయ్యో," అంది సుభాషిణి ముందుకి వంగి. "అలలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయాయేమో అనుకుంటూ కూర్చున్నాను. అదిగో, ఆ మూలన రొయ్య ఎగిరింది."

"ఎక్కడే?" అంది నూకరత్నం.

"ఆ మూలనత్తయ్యా. ఇంకోటి."

ముసలావిడ తెర దగ్గరికెళ్ళి ముక్కు ఆనించేంత పని చేసింది. "నా కొడుకు రోజూ అక్కడ చూసేది ఇదేనా," అంది మెల్లగా. ఆమె కొడుకు ఉప్పుమేరలో వలపడవ మీద ఉంటాడు. ఇంటికి నెలకోసారి వస్తాడు.

ఆ సంతోషంలో ఆమె లోపలికెళ్ళి పళ్ళెం తెచ్చింది. ఇంటికొచ్చిన ప్రతి కొత్త వస్తువుకీ చేసినట్టే తెర కింది అంచున పసుపు రాసి, నడిమధ్య కుంకుమబొట్టు పెట్టి, హారతి ఇచ్చింది. కనకలింగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన సరుకుకి జరిగే మర్యాద అతనికి ఎప్పుడూ ఇష్టమే. ఆవిడ ఇచ్చిన మజ్జిగ వసారాలో తాగి లోపలికొచ్చేసరికి సుభాషిణి కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది. చేతిలో గాజుసీసా.

"ఇది చూడండి బాబాయిగారూ."

వాళ్ళాయన మేతపడవ మీద రోజూ తెల్లారేసరికి అందేలా పంపే సీసా అది. ఆమె చూసే చెరువుల్లోంచి ఒకదాని నీళ్ళు. గట్టుమీద ఉన్న రంగు ఇంట్లో ఉన్న మనిషికి మరుపు రాకూడదని ఇద్దరూ పెళ్ళైన కొత్తలో పెట్టుకున్న పద్ధతి. కిటికీ వెలుతురులో సీసా నీళ్ళు లేత పెసర రంగులో ఉన్నాయి. తెరలో అదే చెరువు టీనీళ్ళలా ఉంది.

"ఇందాక కాస్త తేడా ఉంది. తెర కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఇప్పుడు మరీ ఎక్కువైంది," అంది. "అంటే పాత తెరది కాదు తప్పు. కంటిదే."

"తొందరపడకమ్మా. నీ కన్ను మంచిదో కాదో సీసా చెబుతుంది. తెర సంగతి నేను చూస్తాను."

వెలుగుకన్నుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చీకటి పడిందనుకుని తెర మసకబారాలి. ఏమీ మారలేదు. చెయ్యి తీశాడు. అప్పటికీ ఏమీ మారలేదు. వంగి చూశాడు. కన్ను ఎక్కడుందో వెతకనక్కర్లేకపోయింది. దానిమీద పసుపు, పసుపు మీద బొట్టు.

తయారుచేసినవాడు వెలుగుకన్నును కింది అంచున నడిమధ్య పెట్టాడు. బొట్టు పెట్టేవాళ్ళు పెట్టేదీ నడిమధ్యే. పసుపులోంచి చూస్తున్న కన్ను ఈ గదిలో దీపపు వెలుతురు తప్ప లేదనుకుంది, పాపం ఎంతో శ్రద్ధగా బొమ్మంతటినీ దీపం రంగులోకి దించింది. ఇది తేలిగ్గానే అర్థమైంది. కానీ బొట్టు పెట్టకముందు కూడా తేడా ఉందంటోంది అమ్మాయి. కనకలింగం నేలమీద చతికిలబడి, చాలాసేపు ఆలోచించాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమైందండీ?"

"ఊళ్ళో బొట్టు లేని తెర ఎక్కడైనా చూశావా అమ్మా?"

ఆమెకి వెంటనే తట్టింది. "ఊరిసగటు కూడా..."

"పసుపులోంచే చూస్తోంది. ఏళ్ళతరబడి. కొత్త ఆకివీడులో జనం పగలు కూడా దీపాలు పెట్టుకుని బతుకుతున్నారని దాని నమ్మకం. అందరి తెరల్లోనూ చెరువులు టీరంగే. మిగతా చూపరులకి కళ్ళు దానికే అలవాటుపడిపోయాయి. నీకొక్కదానికే రోజూ సీసా వస్తోంది. నీ కన్నొక్కటే అలవాటు పడలేదు. అందుకే నువ్వొక్కదానివే తప్పు చెప్పావు."

సుభాషిణి సీసా మూతని బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది.

"అయితే ఆ బొట్టు తుడిచేయమంటారా?" అంది నూకరత్నం. అడగడంలోనే జవాబుంది. "పెట్టిన బొట్టు చెరపడం ఈ ఇంట్లో జరగదు శెట్టిగారూ. మావాడు నీళ్ళ మీదున్నాడు."

"నేనూ చెరపనండి. మా ఇంట్లో ఆవిడ వింటే నన్ను పడవ కూడా ఎక్కనివ్వదు. అయినా చెరిపితే తీరేది సగమే. సగటు ఎలాగూ పసుపుదే తెస్తుంది."

మిగిలిన దారి ఒకటి, దాని పక్కన అడ్డదారి ఒకటి. వ్యాపారి గనక కనకలింగం ముందు అడ్డదారి ఎంతకి వస్తుందో చూశాడు. "టీరంగు కనిపిస్తే పచ్చ అని చెప్పు. ఇంకా ముదురు కనిపిస్తే టీరంగు అని చెప్పు. పరీక్ష గట్టెక్కుతావు."

"ఇవాళ గట్టెక్కుతాను," అంది సుభాషిణి. "రేపు మబ్బు పట్టి నీళ్ళు నిజంగానే తిరిగితే? అంత చిన్న తేడా ఈ పసుపులో కనపడదండి. నేను ఉద్యోగం నిలబెట్టుకుని చెరువు పోగొట్టాలి."

అతనికి ఆమెని మంచి చూపరి అని ఊరు ఎందుకంటుందో తెలిసింది.

మిగిలిన దారి చేతికుదుర్పు. వెలుగుకన్ను మూసేసి, సగటుని తోసేసి, మనిషి తన కంటితో రంగులు నిలపడం. అలా నిలిపినదానికి కుదుర్పరి ముద్ర వేయాలి. ముద్ర పడితే అది ఒక్క ఇంటితో ఆగదు. యంత్రపు కళ్ళు ఎన్ని ఉన్నా ముద్ర ఉన్న మనిషి కన్ను వాటికి పైమాట అని సగటుని కట్టినవాళ్ళు మొదట్లోనే పెట్టారు. ఇంత శ్రమ ఎవరూ పడక ఆ నియమాన్ని ఎవరూ వాడలేదు, వాడక ఎవరూ తీసేయలేదు. ముద్ర వేస్తే ఊళ్ళో తెరలన్నీ మారతాయి. సగానికి మించి ఇళ్ళు వద్దంటే ముద్ర చచ్చిపోతుంది, దానితో అతని పని కూడా. తరాజు ఒక పక్కకి బాగానే మొగ్గింది. రెండో పక్కన మాట ఉంది.

"ఇస్త్రీ చేసిన తెల్ల పంచె ఉందా అమ్మగారూ?"

నూకరత్నం కొడుకు పంచె తెచ్చింది. తెర పక్కన గోడకి దాన్ని వేలాడదీసి, ముందు తెలుపు నిలిపారు. తెరలో ఖాళీ తెలుపు, పక్కన పంచె తెలుపు.

"ఇంకా పసుపుంది. తియ్యండి. ఇంకా. ఆఁ, ఎక్కువ తీశారు, నీలం వచ్చింది."

"నీలమెక్కడమ్మా? నాకు కనపడదే."

"వెన్నెల్లో పంచెలా ఉంది. ఎండలో పంచె కావాలి."

కాస్త వెనక్కి తిప్పాడు. "అదీ," అంది. తర్వాత సీసాని తెరకి ఆనించి పట్టుకుని పచ్చ నిలిపింది. అతని వేళ్ళు, ఆమె కన్ను. నూకరత్నం వెనక నిలబడి, కోడలు తల ఊపినప్పుడల్లా తానూ ఊపింది. చివరికి సీసాలో నీళ్ళెక్కడ అయిపోయాయో, తెరలో నీళ్ళెక్కడ మొదలయ్యాయో చెప్పలేని చోటికి వచ్చింది. ఆ తెర తనకి చేతనైనదంతా అప్పటికి బయటపెట్టింది. చెరువు గోడకి అవతలే ఉన్నట్టుంది. తెరలు అమ్మిన ఇన్నేళ్ళలో ఒక తెరని పూర్తిగా చూడడం కనకలింగానికి అదే మొదలు.

బొట్టు చెక్కుచెదరలేదు. దానికింద కన్ను మూసుకుంది.

అతను బొటనవేలు ఆనించి ముద్ర వేశాడు.

కాలవ అవతలి ఇంట్లోంచి ఎవరో, "ఇదేంటే, తెరకి జ్వరం తగ్గిందా?" అన్నారు. పక్కింట్లోంచి, "మాదీ పాలిపోయింది," అన్న మాట వచ్చింది. అంతలో తెర మూలన రామభద్రరాజు ముఖం కనిపించింది.

"మొదలుపెడదామా అమ్మా? ఇక్కడ మా తెరకి కూడా ఏదో అయింది. నీకు బాగానే కనిపిస్తోందా?"

"బాగా కనిపిస్తోందండి రాజుగారూ."

అతను చెరువులు ఒక్కొక్కటే చూపించాడు. ఆమె చెప్పుకుంటూ పోయింది. ఇది లేత పచ్చ, దిగుల్లేదు. ఇది ముదురు, మేత తగ్గించాలి. ఇది గాలికి అడుగు కలిసింది, రేపటికి తేరుకుంటుంది. నాలుగోదో అయిదోదో చెరువు దగ్గర ఆగిపోయింది. కుర్చీ ముందుకి లాక్కుని, మళ్ళీ కనకలింగం పెట్టిన చోటికే వెనక్కి జరిపింది.

"ఇది విరగబోతోందండి. నడుమ పచ్చగానే ఉంది. గట్టు వెంబడి చూడండి, గోధుమరంగు పట్టీ పడింది. పచ్చంతా చచ్చి అడుక్కి దిగుతోంది. ఏరియేటర్లన్నీ ఇప్పుడే వేయించండి, మేత ఆపించండి."

"పొద్దున్న ముగ్గురు చూపరులు దీన్ని బాగుందన్నారమ్మా."

"పొద్దున్న వాళ్ళ తెరల్లో అన్ని చెరువులూ ఇదే రంగండి. ఇప్పుడు మీరు చూడండి. మీ తెరలో."

రామభద్రరాజు చూశాడు. అతని కళ్ళు బొమ్మ అంచు వెంబడి మెల్లగా కదలడం వాళ్ళకి కనిపించింది. అంచుకోత లేని తెరలోనే కనపడే పట్టీ అది, ముద్ర అతని తెరకి కూడా అంచుకోత తీసేసింది. అతను పక్కకి తిరిగి ఎవరితోనో ఏరియేటర్లు వేయమని చెప్పాడు. వీళ్ళకేసి తిరిగేసరికి మొహం చెమర్చి ఉంది.

"నీ చెరువులు నీకేనమ్మా. దీన్ని కూడా ఇవాళ్టినుంచి నువ్వే చూడు," అన్నాడు. "ఇంతకీ ఊరి తెరల్ని ఏం చేశారు మీరు?"

జవాబు చెప్పే లోపల తెర కింది పట్టీలో ఊరిసగటు నుంచి అక్షరాలు వచ్చాయి. 'కొత్త ఆకివీడు తెరల నుండి అభ్యంతరాలు పెరుగుతున్నవి. కుదుర్పరి తన ముద్రను ఉపసంహరించుకొనవచ్చును. ఉపసంహరించిన పక్షమున పూర్వపు సగటు నెలకొనును, ఏ దోషమూ నమోదు కాదు.'

సుభాషిణి చదివింది. పరీక్ష అయిపోయింది, ఉద్యోగం నిలిచింది. కానీ కనకలింగం ముద్ర వెనక్కి తీసుకుంటే ఈ తెర కూడా పసుపులోకి పోతుంది, రేపటి చెరువు దానితోపాటే. అయినా ముద్ర ఉంచమని ఆమె అడగలేదు. "మీ ముద్ర పోతే ఎలాగండీ?" అంది.

"తెరలు అమ్ముకుంటాను. కుదర్చడానికి ఇంకొకడిని పిలుచుకుంటారు."

"వాడు మీలా దారం పట్టుకొస్తాడా?" అంది నూకరత్నం.

కనకలింగం అక్షరాలకేసి చూశాడు. ఏ దోషమూ నమోదు కాదు. మంచి షరతే. ఎదుటివాడు ఇంత మంచి షరతు ఇస్తున్నాడంటే వాడికి మన దగ్గర అంతకంటే విలువైనది ఏదో కనిపించిందని అర్థం.

"ఉపసంహరించను," అన్నాడు తెరతో. "ముద్ర నాదే, కన్ను ఆ అమ్మాయిది. రెండూ నిలిచి ఉంటాయి."

పట్టీ ఖాళీ అయింది. అభ్యంతరాలు ఇంకా సగం ఇళ్ళు దాటలేదు, సగటుకి ఈ జవాబు ఎన్నడూ రాలేదు. ఒక పక్కన పసుపు కళ్ళు వేలు, మరో పక్కన తగ్గని మనిషి ఒకడు. తూచడానికి దాని దగ్గర రాయి లేదు. చాలాసేపటికి మళ్ళీ అక్షరాలు వచ్చాయి, ఈసారి ఊళ్ళో ప్రతి తెర మీదా ఒకేసారి. 'సగటు నిలుపుదల చేయబడినది. మీ ఇంట తెల్లని వస్తువును పగటి వెలుతురులో తెర ప్రక్కన ఉంచి, మీ కంటితో సరిచూచుకొనుడు.'

కాలవకి ఇరువైపులా ఇళ్ళు గోలగోలగా అయిపోయాయి. ఒకామె చేటలో బియ్యం తెచ్చింది. ఎదురింటాయన, "మా ఇంట్లో తెల్లనిదంటే మా ఆవిడ పళ్ళే," అని తిట్లు తిన్నాడు. ఎవరో పాలగిన్నె, ఎవరో సున్నపు డబ్బా. సంఘం చూపరులు ముగ్గురూ పడవ కట్టించుకుని సీసా అరువడగడానికి సుభాషిణి మెట్ల దగ్గరికొచ్చారు. అభ్యంతరాలు చెప్పినవాళ్ళు వాటి సంగతే మర్చిపోయి, ఎవరి తెలుపు తెలుపో పక్కవాళ్ళతో తగాదా పడుతున్నారు.

పొద్దు వాలాక కనకలింగం పడవలో కూర్చుని లెక్క చూసుకున్నాడు. పోయినవి: ఆ రోజు వెళ్ళాల్సిన ఇళ్ళు, కష్టపడక వచ్చే సగటు, రేపటినుంచి కాస్త నిద్ర. వచ్చినవి: సుభాషిణికి ఆమె చెరువులూ, పైన ఇంకొకటీ. సంఘానికి విరగకుండా నిలిచిన నీళ్ళు. ఊరికి దాని పచ్చ. తనకి, కాలవ వెంబడి పడవ సాగినంత దూరమూ, గుమ్మాల్లోంచి ఒకరి తర్వాత ఒకరు, "శెట్టిగారూ, ఒక్కసారి వచ్చి మా తెలుపు చూసిపోండి," అన్న పిలుపు.